మెడలోతులో నూట ఒకటి

గట్టు మీద ఉన్నంతసేపూ ఆ డంబెల్‌కి బరువనేదే లేదు. రెండు పక్కలా తలకాయంత ఫోమ్ బిళ్లలు, మధ్యలో ప్లాస్టిక్ పిడి. పసిపిల్ల కూడా ఎత్తి అవతలికి గిరాటెయ్యగలదు. దాన్నే నీళ్లలోకి తొక్కిపట్టమనండి, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. మొండి దూడలా ఎదురుతిరిగి, పిడికిలి విడిపించుకుని పైకి లేవాలని చూస్తుంది. ఆ సోమవారం పొద్దున కండక్టరమ్మ అలాంటి మొండివాటిని చేతికొకటి పట్టుకుని, ఈతకొలనులో మెడలోతు నీళ్లలో నిలబడి, కిందికి తొక్కుతూ పైకి వదులుతూ ఉంది.

మొదటిరోజు ఆమె కాగితాలు చూపించుకుని వచ్చేసరికే తరగతి మొదలైపోయింది. సామాన్ల కిటికీ దగ్గర చిన్న డంబెల్స్ అన్నీ పోయి ఈ పెద్ద జత ఒక్కటే మిగిలింది. వరుసల్లోనూ అంతే, లోతు వైపు ఆఖరి వరుసలోనే చోటు దొరికింది. ఇరవై రెండేళ్లు బస్సులో పనిచేసిన మనిషికి కొన్ని అలవాట్లు పోవు. డిపోలో చేతికిచ్చిన టికెట్ మిషను నీది. బటన్లు అరిగినా, మూత ఊడినా పక్కవాళ్లతో మార్చుకోకూడదు. అందుకని ఎవరూ చెప్పకపోయినా మూడు వారాలుగా ఆమె అదే జత అడిగి తీసుకుంటోంది, అదే చోట నిలబడుతోంది. అసలే పొట్టి మనిషి. మిగతావాళ్లకి నడుము దగ్గరో పొట్ట దగ్గరో ఉన్న నీళ్లు ఆమెకి గొలుసు తడుపుతున్నాయి.

విజిల్ మోగింది. "ఆపండి. వాచీలు చూసుకోండి."

గట్టు మీద తెల్ల బూట్లతో నిలబడిన కోచ్‌ని అందరూ విజిల్ సార్ అంటారు. ముప్పై నాలుగేళ్ల కుర్రాడే గాని మాట కోర్టు గుమాస్తాలా ఉంటుంది. పాటకీ పాటకీ మధ్య ఒక్కొక్కరి చేతి వాచీలో పల్స్ ఎంతుందో అడిగి పలక మీద రాస్తాడు. వెనక గోడకి ప్లాస్టిక్ అట్టలో ఒక చార్టు. ఏ వయసువాళ్లకి గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలో అందులో రంగుల గళ్లలో ఉంది. పై అంతస్తులో నడక మిషన్ల గది దగ్గరున్న చార్టుకి అది నకలు.

"మాస్టారూ?"

"నూట ఇరవై నాలుగండీ," అన్నాడు మొదటి వరుసలోని రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆయన ఆరడుగుల మనిషి. నడుములోతు నీళ్లలో చిన్న డంబెల్స్‌ని పైపైన తేలేసి, పావురాలకి గింజలేస్తున్నట్టు చేతులు ఆడిస్తుంటాడు.

"శభాష్. వెనక వరుస, అమ్మా, మీరు?"

కండక్టరమ్మ రొప్పుతూ వాచీ చూసుకుంది. "తొంభై ఎనిమిది సార్."

"ఇంకా తొంభైల్లోనేనా? మీ వయసుకి నూట పదిహేను రావాలి. వ్యాయామం చేస్తున్నారా, నీళ్లు చల్లగా ఉన్నాయని నిలబడ్డారా? ఇలా అయితే నేనేం రాయను చెప్పండి."

నలుగురు నవ్వారు. నవ్వినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వాళ్ల అంకె వాళ్లకి వచ్చేసింది, అంతే. కండక్టరమ్మ మాత్రం మొహం మీద నీళ్లు కొట్టుకుంది. భుజాలు మండిపోతున్నాయి, కాళ్లు పీకుతున్నాయి, ఊపిరి ముక్కుకి చాలక నోటితో లాగుతోంది. ఇంత చేస్తుంటే పనిదొంగ అనిపించుకోవడంతో ఆమెకి చచ్చినంత పనైంది.

ఆయనేం రాస్తాడన్నదే అసలు సంగతి. ఎనిమిది నెలల కింద ఆమె గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. నాలుగు వారాలు ఈ నీటి వ్యాయామం చేసి, ఇక్కడి నుంచి రిపోర్టు తెస్తేనే డిపో వాళ్లు మళ్లీ బస్సెక్కనిస్తారు. రిపోర్టు బాగోకపోతే టికెట్ రోల్స్ కట్టలు కట్టే కిటికీ లేని గదిలో కుర్చీ. వారం వారం డిపోకి వెళ్లే రిమార్కుల్లో ఇప్పటికే మూడుసార్లు 'శ్రమ పెట్టడం లేదు' అని రాశాడు. మొదటి వారం వాచీ సరిగా లేదేమో అని ఆమె అనబోతే మాట పూర్తికానివ్వకుండా విజిల్ ఊదాడు. ఇది నాలుగో వారం, శుక్రవారం ఆఖరు.

మెట్లెక్కి పైకి రాగానే మాస్టారు రహస్యంగా చెప్పాడు. "అమ్మా, వాచీ ఉన్న చెయ్యి కాస్త గట్టిగా దులపండి. అంకె దానంతటదే ఎక్కుతుంది. నేనూ అప్పుడప్పుడూ…"

"టికెట్ లేకుండా ఎక్కినవాళ్లని ఇరవై రెండేళ్లు దింపాను మాస్టారూ," అంది కండక్టరమ్మ. "ఇప్పుడు నేనెక్కుతానా?"

మాస్టారు తువ్వాలు భుజాన వేసుకుని అటు తిరిగిపోయాడు.

ఇంటికొచ్చి బకెట్ మీద చెయ్యి వేసిందో లేదో భర్త కుట్టుమిషను ఆపేసి పరుగున వచ్చి లాక్కున్నాడు. ఆయన దర్జీ. మెడలో టేపు లేకపోతే బట్టలు లేనట్టే సిగ్గుపడే మనిషి. ఎనిమిది నెలలుగా ఆయన ఆమెని బకెట్ ఎత్తనివ్వలేదు, బియ్యం బస్తా దగ్గరికి పోనివ్వలేదు, చివరికి కిటికీ తలుపు బిగుసుకుంటే లాగనివ్వలేదు. ప్రేమే, కాదనడానికి లేదు. ఆ ప్రేమలో తను అద్దాల బీరువాలో పెట్టిన పింగాణీ బొమ్మలా అయిపోయానని ఆమె బాధ.

"ఇవాళ ఎంతొచ్చింది?" అని అడిగాడు.

"తొంభై ఎనిమిది."

"పోనీలే. కూర్చునే ఉద్యోగమైతే మాత్రం ఏం, జీతం అదే కదా."

"జీతం కాదండీ." ఆమె గోడకి చేరగిలబడింది. "నా గుండె చచ్చుబడిపోయిందేమో. నేను ఇంత తొక్కుతున్నా దానికి చలనం లేదు. నన్ను మోసం చేసిన గుండె కదా ఇది, మళ్లీ చేస్తోందేమో."

ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె ఎడమవైపు తిరిగి పడుకోదు. చెవికి గుండె చప్పుడు వినబడుతుందని భయం. సబ్బు రుద్దుకునేటప్పుడు కూడా చెయ్యి ఆ పక్కకి పోదు. ఈ మాట భర్తకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన టేపు కొస వేలికి చుట్టుకుంటూ కాసేపు ఆలోచించాడు. "మీ విజిల్ సారుకి కొలత తీసుకోవడం తెలుసా? నిలబెట్టి కొలిచిన పాంటు కూర్చుంటే పట్టేస్తుంది. అందుకే నేను ముందే అడుగుతాను, దుకాణంలో కూర్చునే పనా, నిలబడే పనా అని. మనిషి ఒక్కడే, కొలత ఒక్కటి కాదు."

"మీకన్నీ పాంట్లే," అంది ఆమె, కాని ఆ మాట చెవిలో ఉండిపోయింది.

మంగళవారం ఈతకొలను దగ్గరికి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. చక్రాల బల్ల మీద ఒక పెట్టె, దానికొక పొడుగాటి గొట్టం, గొట్టం చివర ముక్కూ నోరూ కప్పే మాస్కు. నీళ్లలో వాడే ఈ డంబెల్స్, గ్లవ్స్ వల్ల గుండె ఎంత పరిగెడుతుందో, ఒళ్లు ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో ఆమె చదువుకి కొలవాలట. ఎవరైనా ముందుకొస్తారా అని అడిగింది. ఆ మాస్కు చూసి అందరూ గోడ వైపు జరిగారు. మాస్టారు తనకి జలుబు అన్నాడు.

"మీ డాక్టరు గారు సరేనంటే, ఆంటీ మీరు చేస్తారా?" అంది అమ్మాయి కండక్టరమ్మ వైపు తిరిగి.

"ఆవిడొద్దులే," అన్నాడు విజిల్ సార్ పలక మీద నుంచి తలెత్తకుండా. "ఆవిడ పెద్దగా కష్టపడరు. నీ లెక్కలు పాడవుతాయి."

కండక్టరమ్మ ఇంతవరకు ఆయనకి ఎదురు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. ఫోన్ తీసి హాస్పిటల్ నంబరు కలిపి ఆ అమ్మాయి చేతికిచ్చింది.

డాక్టరు సరేనన్నాక ఆ రోజే పై అంతస్తులో నడక మిషను మీద నడిపించారు. మాస్కులో రబ్బరు వాసన, చెవుల్లో తన ఊపిరి తనకే గాలిదుమారంలా వినిపించింది. మెల్లగా, తర్వాత చురుగ్గా, తర్వాత ఎత్తు మీదికి. పెట్టె మీద అంకెలు మారుతుంటే అమ్మాయి రాసుకుంటోంది. నిమిషానికి ఒళ్లు వాడుకున్న ఆక్సిజన్ ఒక లీటరూ రెండు వందల మిల్లీలీటర్లకి చేరినప్పుడు గుండె నూట పద్దెనిమిది కొట్టుకుంది. అక్కడితో ఆపేశారు.

"చూశావా," అన్నాడు విజిల్ సార్ గుమ్మంలోంచి. "నేల మీద వస్తుంది. అంటే నీళ్లలో తప్పించుకుంటున్నారనే కదా."

కండక్టరమ్మ మెట్లు దిగుతూ రెయిలింగ్ గట్టిగా పట్టుకుంది.

బుధవారం నీళ్లలో. నీటి మీద నుంచి గొట్టాన్ని పట్టుకోవడానికి సామాన్ల కిటికీలో ఉండే పెద్దమ్మ గట్టు అంచున పీట వేసుకుని కూర్చుంది. మొదట ఆరు నిమిషాలు వట్టి చేతులతో. కాసేపు విశ్రాంతి. తర్వాత చిన్న డంబెల్స్. మళ్లీ విశ్రాంతి.

"ఇప్పుడు పెద్దవి ఇవ్వండి పెద్దమ్మా," అంది అమ్మాయి.

"ఆవిడవి ఆవిడ చేతికేగా," అంది పెద్దమ్మ ఆ జత అందిస్తూ. "మూడు వారాలుగా ఇవే పట్టుకెళ్తోంది. ఇంకెవరూ ముట్టరు వీటిని. మొదటి వరుసలో ఒకాయన ఒకరోజు తీసుకెళ్లి పావుగంటలో తిరిగిచ్చేశాడు."

విజిల్ సార్ తలెత్తి చూశాడు. "పెద్దవా? ఎవరిమ్మన్నారు?"

"మిగిలినవి ఇచ్చాను. మార్చమని ఆవిడ అడగలేదు, మీరూ అడగలేదు."

పాట మొదలైంది. కండక్టరమ్మ పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, బస్సు మలుపు తిరుగుతున్నప్పుడు నిలబడ్డట్టు నిలబడింది. తొక్కింది. నీళ్లు పైకి తోశాయి. మళ్లీ తొక్కింది. మొదటి రెండు నిమిషాలూ మాస్కు గురించే ఆలోచన. తర్వాత అదీ పోయింది. నీళ్లు, చేతులు, ఊపిరి మాత్రం మిగిలాయి. ఎక్కేవాళ్లతో దిగేవాళ్లతో కిక్కిరిసిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకి ఎవరి కాలూ తొక్కకుండా పోయే రోజుల్లో ఇలాగే ఉండేది.

పాట ఆగింది. అమ్మాయి పెట్టె వైపు చూసి, కాగితం చూసి, మళ్లీ పెట్టె వైపు చూసింది.

"ఏమ్మా, చెడిపోయిందా?" అంది కండక్టరమ్మ మాస్కు తీసేసి.

"లేదాంటీ." అమ్మాయి గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుంది. "వట్టి చేతులతో ఒంటికి నిమిషానికి ఎనిమిది వందల మిల్లీలీటర్ల ఆక్సిజన్ పట్టింది. చిన్నవాటితో లీటరు. వీటితో లీటరూ రెండు వందలు. అంటే నిన్న పైన ఎత్తు మీదికి నడిచినంత పని ఇక్కడ నిలబడిన చోటే చేశారు. గుండె మాత్రం నిన్న నూట పద్దెనిమిది. ఇవాళ నూట ఒకటి."

"అంటే?"

"అంటే అదే పనిని మీ గుండె నిమిషానికి పదిహేడు దెబ్బలు తక్కువ కొట్టుకుని చేసింది."

కండక్టరమ్మకి అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆమె మొహంలోనే తెలుస్తోంది. అమ్మాయి చెయ్యి నీళ్లలో ముంచి చెప్పడం మొదలుపెట్టింది.

"నేల మీద నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి అక్కడే కాస్త నిలుస్తుంది. ఇక్కడ నీళ్లు కాళ్లనీ పొట్టనీ నాలుగు పక్కల నుంచీ ఒత్తుతున్నాయి. ఆ రక్తమంతా పైకి, గుండెలోకి వస్తుంది. ఎంత లోతులో ఉంటే అంత ఎక్కువ. మీరు మెడలోతులో ఉన్నారు. గుండె ప్రతిసారీ నిండుగా నిండుతోంది. నిండుగా నిండితే ఒక్కో దెబ్బకి ఎక్కువ పంపుతుంది. అప్పుడు అన్నిసార్లు కొట్టుకోనక్కర్లేదు."

రెండు డంబెల్స్ కండక్టరమ్మ చేతుల్లోంచి జారి పైకొచ్చి తేలుతున్నాయి.

"సీట్లు నిండితే ట్రిప్పులు తగ్గుతాయి," అంది.

"అంతే ఆంటీ. సరిగ్గా అంతే."

ఆమె కిందికి చూసుకుంది. నీలం నీళ్లలో తన ఒళ్లు అలల వెంట వంకర్లు పోతూ కనిపించింది. ఎనిమిది నెలలు దేన్ని అనుమానించిందో, దేని చప్పుడు వినడానికి భయపడిందో, ఆ గుండె లోపల ఎవరికీ చెప్పకుండా నిండుకుంటూ, పంపుతూ, మళ్లీ నిండుకుంటూ ఉంది. ఇంత పెద్ద కొలనులో నీళ్లన్నీ కలిసి ఒక పొట్టి మనిషి గుండెకి ఆసరాగా నిలబడ్డాయి. ఎవరు పురమాయించారు వాటిని? కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహమంతా తడిగానే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"మిషను తప్పు చూపిస్తోంది," అన్నాడు విజిల్ సార్. "ఐదేళ్లుగా ఆ చార్టుతోనే చెబుతున్నాను."

గురువారం తరగతికి అరగంట ముందు కండక్టరమ్మ వచ్చేసరికి గట్టు మీద తెల్ల బూట్లు ఖాళీగా ఉన్నాయి. విజిల్ సార్ నీళ్లలో ఉన్నాడు. ఐదేళ్లలో ఆయన తడవడం పెద్దమ్మ కూడా చూడలేదట. ఆయనెప్పుడూ గట్టు మీద నిలబడి, గాలిలో చేతులు ఊపి చూపించి, విజిల్ ఊదేవాడు. ఇప్పుడు మాస్కు కట్టుకుని, లోతు వైపు బాగా వెనక్కి పోయి, గడ్డం తడిసేదాకా దిగాడు. చేతుల్లో కండక్టరమ్మ జత.

"అంకెలు నాకు ఇక్కణ్ణించి కనబడవు," అన్నాడు ఆమెని చూసి, మాస్కు కాస్త పైకెత్తి. "మీరు చదవండమ్మా."

ఆమె వెళ్లి కాలేజీ అమ్మాయి పక్కన, పెట్టె దగ్గర నిలబడింది. అమ్మాయి పాట పెట్టింది. మొదటి నిమిషం ఆయన బడాయిగానే తొక్కాడు. రెండో నిమిషానికి ఒక డంబెల్ పక్కకి జారి చెవి పక్క నుంచి పైకి లేచింది. మూడో నిమిషానికి పాదాలు నిలవక రెండుసార్లు వెనక్కి తేలిపోయాడు. కండక్టరమ్మ ఉండబట్టలేకపోయింది. "కాళ్లు ఎడంగా పెట్టండి సార్. మోకాళ్లు వదలండి. బస్సు మలుపు తిరుగుతోందనుకోండి." ఆయన మాట విన్నాడు. నిలబడ్డాడు. ఐదో నిమిషానికి గొట్టంలో ఆయన ఊపిరి కొలిమి తిత్తిలా వినిపించింది.

పాట ఆగింది. ఆయన గట్టు పట్టుకుని వేలాడాడు. మాస్కు లాగేసి, మాట కూడదీసుకుని అడిగాడు.

"ఎంత?"

"నూట ఇరవై ఒకటి సార్."

"చార్టు ప్రకారం నాకెంత ఉండాలి?"

అది ఆయనకి నోటికి వచ్చు. అయినా ఆమె గోడ దగ్గరికి వెళ్లి, ఆయన వయసు గడి వెతికి, వేలు పెట్టి చదివింది. "నూట నలభై."

"వాచీ సరిగా…" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మూడు వారాల కింద సరిగ్గా ఆ మాటే ఆమె అనబోతే ఆయన విజిల్ ఊదాడు. ఇద్దరికీ గుర్తుంది. ఆమె నవ్వలేదు. ఆ రొప్పు ఎలా ఉంటుందో, ఆ రొప్పులో మాట పడితే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

పెద్దమ్మ తువ్వాలు తెచ్చి ఆయన నెత్తిన వేసింది. ఆయన తుడుచుకోకుండా అలాగే మెట్ల మీద కూర్చుని, తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత నీళ్లలో తేలుతున్న డంబెల్స్ వైపు చూశాడు.

"ఇవి పట్టుకుని," అన్నాడు నెమ్మదిగా, "మీరు రోజూ ముప్పావుగంట చేశారా?"

"మిగిలినవి అవే సార్."

ఆ రోజు తరగతిలో పలక మీద అంకెలు రాయలేదు. పాట పాటకీ ఎవరెలా ఊపిరి తీస్తున్నారో, ఆ ఊపిరిలో ఎన్ని మాటలు మాట్లాడగలుగుతున్నారో అడిగాడు. మాస్టారు ఒక పద్యమంతా ఆగకుండా అప్పజెప్పాడు. దాంతో మాస్టారిని లోతుకి పంపించారు.

శుక్రవారం రిపోర్టు కాగితం ఆమె ముందే నింపాడు. 'లక్ష్యం చేరారా' అన్న గడిలో అవును, కాదు అని రెండే మాటలున్నాయి. ఆయన కలం రెండింటి మధ్యా ఆగింది.

"అబద్ధం రాయొద్దు సార్," అంది కండక్టరమ్మ.

ఆయన 'కాదు' మీద టిక్కు పెట్టాడు. తర్వాత కాగితం తిరగేసి, వెనక ఖాళీలో వంకర టింకర అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు. పూర్తిచేసి చదివి వినిపించాడు. "పై గడిలోని లక్ష్యం నేల మీది లెక్క. నీళ్లలో అది చెల్లదు. కొలిచిన ఆక్సిజన్ లెక్కలు జతచేశాను. ఈమె తరగతిలో అందరికంటే పెద్ద పరికరాలతో, అందరికంటే లోతులో పనిచేశారు. ఇదివరకు మూడు వారాలు నేను రాసిన రిమార్కులు తప్పు. నేను గట్టు మీద నుంచి చూశాను."

సంతకం పెట్టాడు. ఆ చివరి వాక్యం ఆయన రాయనక్కర్లేదు. ఆమె అదే అంది.

"రాయాలమ్మా," అన్నాడు ఆయన కలం మూత పెడుతూ.

డిపో డాక్టరు ఆ కాగితం ముందు పక్క ఒకసారి, వెనక పక్క మూడుసార్లు చదివాడు. ఆమెని మెట్లెక్కించాడు, దింపించాడు, జతచేసిన లెక్కల మీద హాస్పిటల్‌కి ఫోన్ చేశాడు. పై వారం నుంచి మధ్యాహ్నం షిఫ్టు, చిన్న రూటు అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆమె బకెట్ ఎత్తి పెరట్లోకి పట్టుకెళ్తుంటే దర్జీ లేవబోయి, టేపు పట్టుకుని, మళ్లీ కూర్చున్నాడు. కూర్చోవడం ఆయనకి ఎంత కష్టమైందో ఆమెకి తెలుసు. మనసులోనే దండం పెట్టుకుంది.

సోమవారం మధ్యాహ్నం బస్సు నిండుగా ఉంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "వచ్చావా తల్లీ, నువ్వు లేక వీళ్లందరూ నా నెత్తిన ఎక్కారు," అన్నాడు. ఆమె భుజాన సంచీ వేసుకుంది. పట్టీ ఎడమ పక్క, సరిగ్గా గుండె మీద నుంచి పోయింది. ఎప్పుడూ అలాగే పోయేది. ఈ ఎనిమిది నెలల్లో దాన్ని తలుచుకునే ఎన్నిసార్లు భయపడిందో.

రైట్ చెప్పింది. బస్సు కదిలింది. మలుపు దగ్గర అందరూ కమ్మీలు పట్టుకున్నారు. ఆమె పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వదిలి, ఏమీ పట్టుకోకుండా నిలబడింది. ఖాళీగా ఉన్న ఎడమచేతిని తెచ్చి, పట్టీ కింద, గుండె మీద ఆనించింది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. అది అక్కడే ఉంది. తొందర లేదు, గాభరా లేదు.

"నీ పని నువ్వు చేసుకో," అంది దాంతో, పక్కవాళ్లకి వినబడకుండా. "టికెట్లు నేను చూసుకుంటాను."